ఏ చర్య, ఏ లోహం, ఏ కషాయం? హరిత పద్ధతిలో నానో ఉత్ప్రేరకాలు చేసే ప్రాజెక్టు విద్యార్థులకు

ప్రాజెక్టు సెమిస్టర్ మొదలైందంటే చాలు, నా దగ్గరకు వచ్చే పిల్లల చేతిలో ఏదో ఒక ఆకు ఉంటుంది. వేప, తులసి, మునగ, జామ, రణపాల. ఒక ఏడాది ఇచ్ఛాపురం అబ్బాయి ఒకడు సంచీ నిండా మొగలి ఆకులు తెచ్చాడు. "మేడం, దీంతో వెండి నానో కణాలు చేద్దామనుకుంటున్నాం" అన్నాడు. వాడి ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. కూర్చోబెట్టి, "చేసిన కణాలతో ఏ రసాయన చర్య నడుపుతావు నాన్నా?" అని అడిగాను. అది ఇంకా ఆలోచించుకోలేదట.

శ్రీకాకుళంలో పీజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తూ నేను ఎక్కువసార్లు చూసిన పొరపాటు ఇదే. ఆకు ముందు, లోహం తర్వాత, చర్య చివరి నెలలో. కణాలు ఉత్ప్రేరకంగా, అంటే చర్యను వేగంగా నడిపించేవిగా పనికిరావాలంటే ఈ వరుసను తిరగెయ్యాలి. ముందు చర్య తేల్చుకోవాలి. ఆ చర్యకు ఏ లోహం సరిపోతుందో చూడాలి. ఆ లోహానికి ఏ కషాయం నప్పుతుందన్నది ఆఖరున. నేనూ ఆ వరుసలోనే చెప్తాను.

సంగతి కొత్తగా వింటున్నవాళ్లకు రెండు మాటలు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు. 1 నుంచి 100 నానోమీటర్ల లోపు ఉండే లోహ కణాల్లో, లోహం మొత్తంతో పోలిస్తే పైకి తేలి ఉండే పరమాణువుల వాటా చాలా ఎక్కువ. ఉత్ప్రేరకానికి కావలసింది ఆ ఉపరితలమే. మొక్కల కషాయంలోని పాలీఫినాల్స్, టానిన్లు అనే వగరు పదార్థాలు లోహ అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి వాటిని లోహంగా మారుస్తాయి. ఆ తర్వాత కణాల చుట్టూ పొరలా చేరి, అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతాయి. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల బృందం 2004లో వేపాకు కషాయంతో వెండి, బంగారు కణాలు చేసి చూపించింది. అందుకే "వేపాకుతో మేమూ చేశాం" అన్నది ఇవాళ కొత్త సంగతి అనిపించుకోదు.

ముందు చర్య

దారులు ముఖ్యంగా మూడు. మన జిల్లాల్లో చాలా కాలేజీల పరిస్థితికి సరిపోయేది 4-నైట్రోఫినాల్‌ను సోడియం బోరోహైడ్రైడ్‌తో 4-అమినోఫినాల్‌గా మార్చడం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం శాంపిల్‌ను విశాఖపట్నానికో హైదరాబాదుకో పంపి, డబ్బు కట్టి, వారాల తరబడి ఎదురుచూడాలి. ఈ చర్యకు మాత్రం ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటరు చాలు, అది ల్యాబులోనే ఉంటుంది. అంతా ఒక్క క్యూవెట్‌లో, అంటే ఆ పరికరంలో పెట్టే చిన్న పారదర్శక పాత్రలో, కళ్ల ముందే జరుగుతుంది.

నీళ్లలో 4-నైట్రోఫినాల్ 317 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. బోరోహైడ్రైడ్ కలపగానే ద్రావణం క్షారమై, శిఖరం (కాంతిని ఎక్కువగా పీల్చుకునే చోటు) 400కు జరుగుతుంది, లేత పసుపు ముదురు పసుపవుతుంది. ఉత్ప్రేరకం వెయ్యకపోతే ఆ పసుపు గంటల తరబడి అలాగే ఉంటుంది. వేస్తే 400 శిఖరం దిగుతుంది, 300 దగ్గర అమినోఫినాల్ శిఖరం లేస్తుంది. క్యూవెట్‌లో నైట్రోఫినాల్ 0.1 మిల్లీమోలార్ ఉంటే శోషణ దాదాపు 1.8 వస్తుంది, పరికరం సులువుగా చదవగలదు. బోరోహైడ్రైడ్‌ను 100 రెట్లు, అంటే 10 మిల్లీమోలార్ తీసుకుంటారు. అప్పుడు దాని గాఢత మారనట్టే లెక్క. కాలానికి ఎదురుగా శోషణ సహజ సంవర్గమానం గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలే రేటు స్థిరాంకం. అదే పని నాలుగు ఉష్ణోగ్రతల దగ్గర చేస్తే ఉత్తేజన శక్తి (చర్య మొదలవడానికి కావలసిన కనీస శక్తి) కూడా చేతికొస్తుంది. ఇంత సమాచారం ఇంత చవకగా ఇచ్చే చర్య ఇంకొకటి నాకు తెలియదు. పైగా వచ్చే 4-అమినోఫినాల్ నుంచే పారాసిటమాల్ చేస్తారు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకు ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి ఒక మాట ఉంటుంది.

జాగ్రత్తలు మాత్రం తప్పవు. బోరోహైడ్రైడ్ ద్రావణం ఏ పూటకాపూట, ఐసు నీళ్లలో చేసుకోండి. నిల్వ ఉంచితే హైడ్రోజన్ వదిలేస్తూ నీరసపడిపోతుంది. మూత బిగించి పెట్టకండి, ఆమ్లాల పక్కన అసలే వద్దు. క్యూవెట్ గోడలకు బుడగలు పట్టి రీడింగ్ ఎగిరెగిరి పడితే మెల్లగా తట్టండి. నైట్రోఫినాల్ విషపదార్థం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

రెండో దారి రంగుల మీద ప్రయోగం. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు శిఖరం 664 నానోమీటర్ల దగ్గర కనబడుతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, కనుక చాలామంది దీనివైపు మొగ్గుతారు. ఇందులో ఒక గుంట ఉంది. బోరోహైడ్రైడ్‌తో మిథిలీన్ బ్లూ నీలం పోవడం అంటే రంగు నాశనమైపోవడం కాదు. అది రంగులేని ల్యూకో రూపంలోకి మారుతుంది, గాలి తగిలితే మళ్లీ నీలం తిరిగొస్తుంది. ఆ క్యూవెట్‌ను అరగంట తర్వాత బాగా కుదిపి చూడండి. నీలం తేలితే మీరు రాయవలసిన మాట "క్షయకరణం" (ఎలక్ట్రాన్లు అందడం), "విచ్ఛిత్తి" (ముక్కలవడం) కాదు. రంగును నిజంగా ముక్కలు చెయ్యాలనుకుంటే ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ దారి వేరే ఉంది, కింద చెప్తాను.

ఇక్కడే మనసులో ఉన్న ఒక మాట చెప్పాలి. మన పిల్లలు చాలామంది ప్రాజెక్టు ముందుమాటలో "ఈ ఉత్ప్రేరకం ఉద్దానం నీటిని శుద్ధి చేస్తుంది" అని రాస్తారు. మన మనుషుల మీది ప్రేమతోనే రాస్తారు, నాకు తెలుసు. కానీ ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని ఇప్పటికీ తేల్చి చెప్పలేని స్థితి. మనం క్యూవెట్‌లో చేసిన చర్యకు, ఆ ఊళ్లలో డయాలసిస్‌కు వెళ్లే మనిషి తాగే నీళ్లకు మధ్య దారి లేదు. ఆ వాక్యం రాయకండి. చేసినంతే రాయండి.

మూడో దారి సుజుకి కప్లింగ్, అంటే రెండు కర్బన అణువులను ఒకదానికొకటి అతికించే చర్య, పల్లాడియంతో. 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది ఈ తరహా చర్యలకే. ఫార్మా వైపు వెళ్లాలనుకునేవారికి దీన్ని మించిన అనుభవం లేదు. అయితే ఉత్పన్నాన్ని వేరుచేసి, అదేనని నిరూపించాలి. బైఫినైల్ చేస్తే ద్రవీభవన స్థానం 69 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూసుకోవచ్చు, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే టీఎల్‌సీ పెట్టుకోవచ్చు. అంతకు మించి అడిగితే అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ కోసం బయటకు పంపాలి. ఇంకో మాట. అయోడోబెంజీన్ చర్యకు చాలా సులువుగా లొంగే పదార్థం, అతి కొద్ది పల్లాడియం ఉన్నా చర్య జరిగిపోతుంది. మీ ఉత్ప్రేరకం బలం చూపించాలంటే బ్రోమో సమ్మేళనంతో చెయ్యండి.

లోహం

మన పరిస్థితుల్లో ఎక్కువమందికి సరిపోయేది వెండి. 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ 100 మిల్లీలీటర్లకు 17 మిల్లీగ్రాములు చాలు. 10 గ్రాముల సీసా కొంటే ఐదొందల సార్లు చేసుకోవచ్చు. కణాలు ఏర్పడ్డాయో లేదో రంగే చెప్తుంది. పసుపు గోధుమ రంగు, 400 నుంచి 450 మధ్య శిఖరం. గాలికి రాగిలా పాడైపోదు. నైట్రోఫినాల్ చర్యకు బాగా పనిచేస్తుంది.

వెండితో మన ప్రాంతంలో వచ్చే తంటా నీళ్లు. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి. అందులోని క్లోరైడ్ వెండిని పట్టుకుని తెల్లటి సిల్వర్ క్లోరైడ్ చేస్తుంది. నేను కొత్తలో ఒక వారం రోజులు తెల్లటి మసకను చూసి కణాలే అనుకుని మురిసిపోయాను. చివరికి బీకర్లు కడిగింది కుళాయి నీళ్లతో అని తేలింది. డిస్టిల్డ్ వాటర్‌తో ఆఖరి కడుగు కడగడం మర్చిపోకండి. కషాయంలోనూ క్లోరైడ్ ఉండొచ్చు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను గుర్తుపట్టే పరీక్షలో) వెండికి 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల శిఖరాలు వస్తాయి. వాటితో పాటు 27.8, 32.2, 46.2 దగ్గర కూడా కనబడితే అది సిల్వర్ క్లోరైడే. "మొక్కలోని సేంద్రియ పదార్థం వల్ల వచ్చిన శిఖరాలు" అని రాసి దాటేయకండి.

బంగారం ముచ్చటైనది, ద్రాక్ష ఎరుపు రంగు, 520 నుంచి 550 మధ్య శిఖరం. 100 మిల్లీలీటర్లకు 39 మిల్లీగ్రాముల క్లోరోఆరిక్ ఆమ్లం కావాలి. దాని ధరకు తోడు అది మన తేమ గాలిలో సీసా తెరిచిన క్షణం నుంచి నీరు పీల్చుకుంటుంది, తూకం నిలవదు. గైడు దగ్గర గ్రాంటు ఉంటే తప్ప వద్దంటాను.

రాగి చవక. కాపర్ సల్ఫేట్ 25 మిల్లీగ్రాములతో పని అయిపోతుంది. కానీ గాలి తగిలితే ఆక్సైడ్ అయిపోతుంది. కాబట్టి "రాగి కణాలు చేశాం" అని రాసేముందు ఎక్స్‌ఆర్‌డీలో 43.3 డిగ్రీల శిఖరం ఉందా, లేక ఆక్సైడ్‌కు చెందిన 35.5, 38.7 ఉన్నాయా చూసుకోండి. ఆక్సైడ్ అయినా సిగ్గుపడాల్సిన పనిలేదు, క్యూవెట్‌లో బోరోహైడ్రైడ్ దాన్ని క్షయకరిస్తుంది, నైట్రోఫినాల్ చర్య నడుస్తుంది. పేరు మాత్రం సరిగ్గా పెట్టాలి.

ఇనుము విషయంలో ఇంకా జాగ్రత్త. ఇనుప లవణంలో టీ కషాయం పోస్తే క్షణంలో నల్లబడుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కలంకారీ పనివాళ్లు తుప్పు ఇనుము, బెల్లం నీళ్ల ద్రావణం గీస్తే నల్లటి గీత పడేది కూడా ఈ కారణంగానే. ఇనుము, టానిన్ కలిస్తే సిరా అవుతుంది. ఆ నలుపు నానో ఇనుముకు సాక్ష్యం కాదు. కానీ ఆ నల్లటి పదార్థమే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి ఫెంటన్ తరహా చర్యలో రంగులను నిజంగా విరగ్గొట్టగలదు. ఆ చర్యకు పీహెచ్ 3 దగ్గర ఉంటే అనువు. రంగు నీళ్ల మీదే పనిచేయాలని పట్టుదల ఉన్నవాళ్లు వెండిని వదిలి ఇటు రండి.

పల్లాడియం ఖరీదు సంగతి చెప్పక్కర్లేదు. పల్లాడియం క్లోరైడ్ ఉత్తి నీళ్లలో సరిగా కరగదు, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. కణాలకు వెండిలా ప్రత్యేకమైన రంగు శిఖరం ఉండదు, నల్లబడటం, లవణం తాలూకు శిఖరం మాయమవడం చూసి పోల్చుకోవాలి. లోహం కణం నుంచి ఊడి ద్రావణంలోకి వస్తోందేమో తప్పక పరీక్షించాలి. చర్య సగంలో ఉండగా వేడిగానే వడకట్టి, ఆ వడపోత నీటిని అలాగే నడపండి. చర్య ఇంకా సాగుతుంటే లోహం కరిగి వస్తున్నట్టే. నోటి ద్వారా తీసుకునే మందుల్లో పల్లాడియానికి అంతర్జాతీయ పరిమితి రోజుకు 100 మైక్రోగ్రాములు, కనుక ఫార్మా వాళ్లు ముందు అడిగేది ఇదే.

కషాయం

పచ్చి ఆకుల విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. ఎండాకాలం కోసిన ఆకు, వానలు పడ్డాక కోసిన ఆకు ఒకటి కావు. జనవరిలో వచ్చిన ఫలితం మార్చిలో రాదు. వైవా ముందు పిల్లల టెన్షన్ సగం ఇందుకే. కషాయం చేసి ఫ్రిజ్ లేకుండా ఉంచితే మూడో రోజుకు బూజు పడుతుంది. అందుచేత ఒకేసారి తెచ్చి, నీడలో ఆరబెట్టి, పొడిచేసి, గాలి చొరని సీసాలో పెట్టుకోగలిగిన పదార్థమే ఎంచుకోండి. ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క సీసాతో నడవాలి.

అలాంటి పదార్థం మన జిల్లాలోనే ఉంది. పలాసలో జీడి పిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీశాక దాని మీద ఎర్రటి పల్చటి పొట్టు ఉంటుంది. జీడి పరిశ్రమల్లో ఆడవాళ్లు వలిచి పక్కన పోసేది. ఆ పొట్టు నిండా టానిన్లు, క్యాటెచిన్లు. నోట్లో వేసుకుంటే వగరుకు నాలుక ముడుచుకుపోతుంది, ఆ వగరే వెండిని క్షయకరించేది. మా దగ్గర చదివిన ఒకమ్మాయి వాళ్లమ్మ పనిచేసే చోటు నుంచి కిలో పొట్టు తెచ్చింది. ఇద్దరు విద్యార్థులకు ఏడాది సరిపోయింది. గట్టి పెంకు జోలికి మాత్రం పోకండి. పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, పిక్కలు కొట్టేవాళ్ల వేళ్లు చూసినవారికి చెప్పక్కర్లేదు. పొట్టులో పెంకు ముక్కలు లేకుండా జల్లెడ పట్టి ఏరుకోండి.

రెండో మంచి ఎంపిక బంకలు. కొండగోగు బంకతో వెండి కణాలు చేసే పద్ధతిని హైదరాబాదు శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించారు. ఇంగ్లీషు పరిశోధన పత్రాల్లో కూడా దాని పేరు "గమ్ కొండగోగు" అనే ఉంటుంది, నాకు అది చదివినప్పుడల్లా సంతోషం. సీతంపేట, పార్వతీపురం వైపు కొండల్లో గిరిజనులు బంకలు సేకరిస్తారు. గిరిజన సహకార సంస్థ కొంటుంది. బంకలు మెల్లగా పనిచేస్తాయి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి కావాలి. ఆటోక్లేవ్ లేకపోతే వంటింటి ప్రెషర్ కుక్కర్ దాదాపు అంతే ఒత్తిడి ఇస్తుంది, కాకపోతే ఆ కుక్కర్‌లో మళ్లీ వంట చేయకూడదు. బంకతో వచ్చే కణాలు నెలల తరబడి పేరుకోకుండా నిలుస్తాయి.

టీ పొడి కూడా తీసిపారేసేది కాదు. ఎక్కడైనా దొరుకుతుంది, ఒక ప్యాకెట్ అంతా ఒకే రకం. మీరు ఏ కషాయం వాడినా, పోల్చుకోడానికి టీతో ఒక బ్యాచ్ చేసి పక్కన పెట్టుకోండి.

నిలకడ, చురుకుదనం

ఈ విషయం మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రాజెక్టులు ఇక్కడే బోల్తా పడతాయి. కషాయం ఎక్కువ పోస్తే కణాలు చిన్నగా, నిలకడగా వస్తాయి. సీసాలో ఆరు నెలలు చెక్కుచెదరవు. కానీ ఆ మందపాటి పొర దాటి నైట్రోఫినాల్ లోహాన్ని తాకాలి కదా. చర్య నత్తనడక నడుస్తుంది. కషాయం తగ్గిస్తే చర్య పరుగెడుతుంది, కణాలేమో రెండు రోజుల్లో అడుక్కి దిగిపోతాయి. మందుగానో, సెన్సార్‌గానో వాడేవారు నిలకడ చూసుకుంటారు. ఉత్ప్రేరకం చేసేవారు రెండింటి మధ్య చోటు వెతుక్కోవాలి. కషాయం పరిమాణం మారుస్తూ అయిదు బ్యాచ్‌లు చేసి, ప్రతిదానికీ రేటు స్థిరాంకం తీసి ఒక పట్టిక వేయండి. కొత్త ఆకు కంటే ఆ పట్టిక విలువైనది.

ఇంకొకటి, దీన్ని చాలామంది గమనించరు. కషాయం వెండి అంతటినీ మార్చలేదనుకోండి. కొంత సిల్వర్ అయాన్ ద్రావణంలో మిగిలిపోతుంది. ఆ ద్రావణాన్ని కడగకుండా క్యూవెట్‌లో పోస్తే, అక్కడున్న బోరోహైడ్రైడ్ ఆ అయాన్లను అప్పటికప్పుడు నానో వెండిగా మార్చేస్తుంది. చర్య నడిపించింది ఆ కణాలు, పేరు మీ కషాయానికి. ఇది తేల్చుకోవాలంటే సెంట్రిఫ్యూజ్ చేసి, అంటే వేగంగా తిప్పి కణాలను అడుక్కి దింపి, పైన తేరిన నీటిని విడిగా పరీక్షించండి. అడుగున దిగిన కణాలను డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి అప్పుడు వాడండి. దీనికి తోడు పోల్చుకోడానికి మీ కణాలు వెయ్యని మూడు ఖాళీ ప్రయోగాలు తప్పనిసరి. నైట్రోఫినాల్‌లో ఉత్ప్రేరకం లేకుండా బోరోహైడ్రైడ్ ఒక్కటే, బోరోహైడ్రైడ్‌తో పాటు కషాయం ఒక్కటే, బోరోహైడ్రైడ్‌తో పాటు కషాయం కలపని సిల్వర్ నైట్రేట్ ఒక్కటే. మూడోదే అన్నిటికంటే వేగంగా నడిస్తే కంగారు పడకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. వైవాలో అడిగే పెద్దమనిషికి మీరు పని అర్థం చేసుకున్నారని అప్పుడే తెలుస్తుంది.

ద్రావణంగానా, దేనిమీదైనా ఎక్కించా?

ద్రావణంలో తేలే కణాలను మళ్లీ వాడటం కష్టం. మళ్లీ వాడలేనిదాన్ని హరితం అనడానికి నాకు నోరు రాదు. ఆధారం మీద ఎక్కించడమే మేలు. ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) గోలీలు చాలామంది చేస్తారు, కానీ వాటిని గట్టిపరచడానికి కాల్షియం క్లోరైడ్ వాడితే వెండితో మళ్లీ అదే క్లోరైడ్ గొడవ. కాల్షియం నైట్రేట్ వాడండి. రైస్ మిల్లుల ఊక బూడిదలో సిలికా దండిగా ఉంటుంది, అదీ మంచి ఆధారమే, వడకట్టడం ఓపికతో కూడిన పని.

నాకు బాగా నచ్చింది నూలు గుడ్డ. పొందూరు ఖాదీ ముక్క ఒకటి తీసుకుని, గంజి పోయేలా ఉడకబెట్టి, జీడి పొట్టు కషాయంలో నానబెట్టి ఆరేసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచితే దారాల మీదే కణాలు దిగుతాయి. గుడ్డ గోధుమ రంగుకు తిరుగుతుంది. చర్య మొదలుపెట్టాలంటే ముంచడం, ఆపాలంటే బయటికి తీయడం. సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు. ఎన్నిసార్లు వాడగలరో లెక్కపెట్టండి, ప్రతిసారీ కడిగిన నీళ్లలో వెండి ఊడి వస్తోందేమో చూడండి.

ఇంతా చెప్పి ఒక నిజం దాచకూడదు. మన పద్ధతిలో హరితమైనది కణాల తయారీ మాత్రమే. 100 రెట్లు పోసే బోరోహైడ్రైడ్ హరితం కాదు. అనస్తాస్, వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి 1998లో చెప్పిన పన్నెండు సూత్రాల్లో తొమ్మిదోది ఉత్ప్రేరకాల గురించే, కానీ మొదటిది వ్యర్థం రాకుండా చూడమని. వాడేసిన వెండి ద్రావణాలను సింకులో పోయకండి, ఆ నీళ్లు ఎటు తిరిగినా నాగావళిలోకే. ఒక డబ్బాలో పోగుచేసి ఉప్పు వేయండి, కరిగి ఉన్న వెండి క్లోరైడ్‌గా అడుక్కి దిగుతుంది. మొదట్లో మనల్ని ఏడిపించిన చర్యే ఇక్కడ పనికొస్తుంది.

ఎవరికి ఏది? చేతిలో మూడు నెలలు, యూవీ పరికరం ఉంటే వెండి, జీడి పొట్టు, నైట్రోఫినాల్. డబ్బు బొత్తిగా లేకపోతే వెండి బదులు రాగి. రంగు నీళ్ల మీద మనసుంటే ఇనుము, టీ, పెరాక్సైడ్. గైడు దగ్గర గ్రాంటు, ఏడాది సమయం, ఫార్మా మీద ఆశ ఉంటే పల్లాడియం, బంక, సుజుకి.

విజయనగరం నుంచి ఒకమ్మాయి అడిగింది, వాళ్ల కాలేజీలో యూవీ పరికరం పాడై కలరీమీటరు ఒక్కటే మిగిలిందట. అయినా ఆగక్కర్లేదమ్మా. నైట్రోఫినాల్ పసుపు 400 దగ్గర కదా, కలరీమీటరులో 420 ఫిల్టరు పెట్టు. అమినోఫినాల్ శిఖరం కనబడదు, కానీ పసుపు తగ్గడం నిమిషనిమిషానికీ కొలవొచ్చు. గుడ్డ ముక్కను టెస్ట్ ట్యూబులో ముంచి, రీడింగు తీసే ప్రతిసారీ పైకి తియ్యి. అయిదు గాఢతలతో ముందుగా ఒక ప్రామాణిక రేఖ గీసుకో, క్షారంలోనే గీసుకో, లేకపోతే పసుపు సరిపోలదు.